మేడి చెట్టు: పువ్వు ఎక్కడుంది? పురుగు ఎందుకుంది?

(విజ్ఞాన వ్యాసం)
– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రం

ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, మనందరికీ తెలిసిన చెట్టు గురించి రాస్తే బాగుంటుందనిపించింది. తెలియని చెట్టు గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. రోజూ చూసే చెట్టు గురించి మాత్రం ఎవరో ఒకరు ఆపి చెప్పాలి.

మన ప్రాంతంలో మేడి చెట్టు చూడనివారు ఉండరు. ఏలూరు కాలువ గట్ల మీద, తమ్మిలేరు ఒడ్డున, తాడేపల్లిగూడెం దగ్గర ఎర్రకాలువ వెంట, పొలాల మధ్య బోదెల పక్కన ఇది కనిపిస్తుంది. మేడిపండు మీద వేమన పద్యం మూడో తరగతి పిల్లవాడికి కూడా వచ్చు. పైకి నిగనిగలాడే పండు లోపల పురుగులుంటాయని, పిరికివాడి బింకం కూడా అలాంటిదేనని వేమన చెప్పాడు. ఆ పోలిక ఎంత బలంగా నిలిచిందంటే, పైన ఒకటి లోన ఒకటి ఉన్న మనిషిని నేటికీ మేడిపండు అంటాం.

వేమన చూసింది నిజమే. పండులో పురుగులు ఉంటాయి. అవి అక్కడ ఎందుకు ఉన్నాయి? పండు పాడైపోయిందని చేరాయా, లేక చెట్టుకు వాటితో ఏదైనా పని ఉందా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చెట్టు పరిచయం

మేడి శాస్త్రీయ నామం ఫైకస్ రసిమోజా. మోరేసి కుటుంబానికి చెందినది. పనస, మల్బరీ కూడా ఈ కుటుంబంలోనివే. ఫైకస్ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద 800 దాకా జాతులున్నాయి. మర్రి, రావి, జువ్వి, అంజీరు అన్నీ మేడికి దాయాదులే. సంస్కృతంలో దీన్ని ఉదుంబరం అంటారు. మనవాళ్లు అత్తి అని కూడా పిలుస్తారు.

మేడి భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా, దక్షిణ చైనా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా వరకు సహజంగా పెరుగుతుంది. తేమ ఉన్న నేల అంటే దీనికి ఇష్టం. వాగులు, కాలువల ఒడ్డున 25 మీటర్ల ఎత్తు దాకా ఎదుగుతుంది. ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా ఏకాంతరంగా ఉంటాయి. కోలగా, కొనదేరి, నునుపుగా ఉండే ఈ ఆకుకు అడుగున మూడు ఈనెలు ఒకేచోట మొదలవుతాయి. లేత మొగ్గను పత్రపుచ్ఛాలు టోపీలాగా కప్పి ఉంచుతాయి. అవి రాలిపోయాక కొమ్మ మీద ఉంగరం లాంటి మచ్చ మిగులుతుంది. ఆకు తుంచినా, బెరడు గీరినా తెల్లని పాలు కారతాయి.

మేడి ఆకుల మీద చిన్నచిన్న బొడిపెలు చూసే ఉంటారు. అవి చెట్టుకు పుట్టుకతో వచ్చినవి కావు. రసం పీల్చే ఒక చిన్న కీటకం ఆకులో చేరినప్పుడు ఆకు ఆ చోట ఉబ్బుతుంది. వీటిని గాల్స్ అంటారు. పండులోని పురుగుకూ, ఈ బొడిపెల పురుగుకూ సంబంధం లేదు.

ఈ చెట్టుకు ఉన్న పెద్ద గుర్తు కాయలు కాసే చోటు. మామిడి, జామ చెట్లు రెమ్మల చివర కాస్తే, మేడి కాండం మీద, పెద్ద కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా కాస్తుంది. పనస కూడా అంతే. దీన్ని కాలిఫ్లోరీ అంటారు. శాస్త్రీయ నామంలోని రసిమోజా అనే మాటకు గుత్తులు కలిగినది అని అర్థం.

దాయాదులను గుర్తుపట్టడం ఎలా?

ప్రాక్టికల్స్‌కు వెళ్లే ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు ఇది పనికొస్తుంది.

1. మర్రి: కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. ఆకు వెడల్పుగా, మందంగా ఉంటుంది. ఎర్రని పండ్లు ఆకుల మొదట్లో తొడిమ లేకుండా జంటగా ఉంటాయి.
2. రావి: ఆకు హృదయాకారంలో ఉండి చివర పొడవాటి తోక ఉంటుంది. చిన్న గాలికే ఆకులు గలగలమంటాయి.
3. జువ్వి: ఆకు కోలగా, నునుపుగా ఉంటుంది. ఆకు రాల్చి కొత్త చిగురు తొడిగినప్పుడు చెట్టంతా రాగి రంగులో మెరుస్తుంది. పండ్లు గోళీకాయలంత ఉంటాయి.
4. బొమ్మమేడి: చిన్న చెట్టు. ఆకులు ఎదురెదురుగా ఉండి గరుకుగా తగులుతాయి. కాయల మీద నూగు ఉంటుంది. వీటిలో విత్తనాలు కాసే చెట్టు వేరు, పుప్పొడినీ కీటకాలనూ ఇచ్చే చెట్టు వేరు.
5. మేడి: ఊడలు కనిపించవు. ఆకులు నునుపు. కాండం మీద గుత్తులు. పచ్చని కాయ పండేసరికి ఎర్రబడుతుంది.

పువ్వు లేని చెట్టా?

మేడి పువ్వును చూసినవాడు లేడని పెద్దలు అంటారు. పూర్వులు కూడా పువ్వు కనిపించకుండా కాయ కాసే చెట్లను వేరే తరగతిగా చూశారు. అమరకోశంలో వనస్పతి అనే మాటకు ఇచ్చిన అర్థం అదే. కళ్లతో చూసినంతవరకు వాళ్ల పరిశీలన సరైనదే. కొమ్మ మీద ఎక్కడా పువ్వు కనిపించదు, నేరుగా కాయే వస్తుంది.

అసలు విషయం ఏమిటంటే, మనం కాయ అనుకుంటున్నదే పూలగుత్తి. చామంతినో పొద్దుతిరుగుడునో తీసుకోండి. పళ్లెం లాంటి పుష్పాసనం మీద వందల చిన్న పూలు ఉంటాయి. ఆ పళ్లెం అంచులు పైకి లేచి, లోపలికి ముడుచుకుని, మూతి బిగించిన సంచిలా తయారైందనుకోండి. పూలన్నీ సంచి లోపలి గోడ మీద ఉండిపోతాయి. మేడికాయ సరిగ్గా అలాంటి సంచి. దీన్నే హైపన్‌థోడియం పుష్పవిన్యాసం అంటారు. ఇంటర్ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తాం కానీ, ఒక లేత మేడికాయను బ్లేడుతో నిలువుగా కోసి భూతద్దంతో చూస్తే ఆ జవాబు మళ్లీ మరిచిపోరు. ఒక్క కాయలో వేల పూలు ఉంటాయి.

కాయ కొనలో చిన్న కన్ను లాంటి రంధ్రం ఉంటుంది. దాన్ని పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పి ఉంచుతాయి. మగ పూలు ఈ కన్ను దగ్గరే ఉంటాయి. మిగిలిన గోడంతా ఆడ పూలు. ఆడ పూలలో కొన్నింటికి కీలం పొడవు, కొన్నింటికి పొట్టి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

ఇక్కడ చెట్టుకు ఒక చిక్కు ఉంది. కాయ లేతగా ఉన్నప్పుడు ఆడ పూలు ముందుగా సిద్ధమవుతాయి. అదే కాయలోని మగ పూలు పుప్పొడి విడిచేది కొన్ని వారాల తరువాత. కాబట్టి ఒక కాయలోని పుప్పొడి దాని ఆడ పూలకే పనికిరాదు. ఇంకో కాయ నుంచి రావాలి. కాయ మూసుకుని ఉంది. గాలి పుప్పొడిని లోపలికి తీసుకురాలేదు. తేనెటీగ పట్టదు. మరి పరాగ సంపర్కం ఎలా?

రెండు మిల్లీమీటర్ల కందిరీగ

ఆ పని చేసేది కేవలం రెండు మిల్లీమీటర్ల పొడవుండే కందిరీగ. మన దేశపు మేడికి ఈ పని చేసే కీటకం పేరు సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. ఇది మనిషిని కుట్టదు. దీని జీవితమంతా మేడికాయతోనే ముడిపడి ఉంది. మేడి లేకుండా ఇది లేదు, ఇది లేకుండా మేడికి విత్తనం లేదు. వరుసగా ఏం జరుగుతుందో చూద్దాం.

మొదటి దశ: ఆడ పూలు సిద్ధం కాగానే కాయ ఒక ప్రత్యేకమైన వాసన విడుస్తుంది. మన ముక్కుకు అందకపోయినా ఆడ కందిరీగ దాన్ని పసిగట్టి వస్తుంది.

రెండో దశ: ఆడ కందిరీగ కన్నులోని పొలుసుల మధ్య నుంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే, లోపలికి చేరేసరికి దాని రెక్కలు తెగిపోతాయి, మీసాలు విరుగుతాయి. ఇక అది బయటికి ఎగరలేదు.

మూడో దశ: తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడి దాని రొమ్ము భాగంలోని చిన్న సంచుల్లో ఉంటుంది. కాళ్లతో ఆ పుప్పొడిని తీసి కీలాగ్రాల మీద రాస్తుంది. అంటే ఒంటికి అంటుకున్నది యాదృచ్ఛికంగా రాలడం కాదు, పనిగట్టుకుని చేసే పరాగ సంపర్కం. అదే సమయంలో పూల కీలం గుండా తన గొట్టాన్ని దించి గుడ్లు పెడుతుంది. పొట్టి కీలం ఉన్న పూలలో గుడ్డు అందుతుంది. పొడవు కీలం ఉన్న పూలు చాలావరకు తప్పించుకుని విత్తనాలవుతాయి. పని ముగిశాక తల్లి కందిరీగ ఆ కాయలోనే చనిపోతుంది.

నాలుగో దశ: కొన్ని వారాల పాటు కాయ పెరుగుతుంది. గుడ్డు పడిన ప్రతి పువ్వు ఉబ్బి గాల్ పుష్పంగా మారుతుంది. లోపలి పిల్ల పురుగుకు అదే ఇల్లు, అదే తిండి. పక్కనే విత్తనాలు ముదురుతుంటాయి. కాయలోని పూలలో కొంత భాగాన్ని చెట్టు ఈ కీటకానికి కూలిగా ఇస్తోందన్నమాట.

ఐదో దశ: ముందుగా మగ కందిరీగలు బయటపడతాయి. వీటికి రెక్కలు ఉండవు. ఇవి ఆడ కందిరీగలు ఉన్న గాల్స్‌కు కన్నం చేసి, అవి బయటికి రాకముందే జతకడతాయి. తరువాత అన్నీ కలిసి కాయ గోడకు దారి తొలుస్తాయి. వాటి బతుకు ఆ కాయలోనే మొదలై దాదాపు అక్కడే ముగుస్తుంది. తాము తొలిచిన దారిలో ఎగిరిపోయే అవకాశం వాటికి లేదు.

ఆరో దశ: సరిగ్గా ఈ సమయానికే మగ పూలు పుప్పొడి విడుస్తాయి. రెక్కలున్న ఆడ కందిరీగలు పుప్పొడిని సంచుల్లో నింపుకుని, మగవి తొలిచిన దారిలో బయటపడతాయి. బయట వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆ కాస్త సమయంలోనే ఇంకో మేడి చెట్టు మీద సిద్ధంగా ఉన్న లేత కాయను వెతుక్కోవాలి.

ఆ తరువాతే కాయ మెత్తబడి, ఎర్రబడి, తియ్యనవుతుంది. అప్పుడు దాన్ని సైకోనస్ ఫలం అంటాం. ఇది సంయుక్త ఫలాల్లో ఒకటి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. మేడిపండులో పురుగు ఉండటం చెట్టుకు జబ్బు చేసిందని గుర్తు కాదు. ఆ పురుగు రాకపోతే విత్తనం కట్టదు, ఆ కాయ పండకుండానే చాలావరకు రాలిపోతుంది. ఎర్రగా పండిన ప్రతి మేడిపండు వెనుక రెక్కలు పోగొట్టుకున్న ఒక తల్లి కందిరీగ అయినా ఉంటుంది. ఈ చెట్లకూ ఈ కీటకాలకూ మధ్య ఒప్పందం ఆరేడు కోట్ల సంవత్సరాలకు పైబడినదని శాస్త్రజ్ఞుల అంచనా. మనిషి ఈ భూమ్మీదికి రాకముందు నుంచే ఉన్నది.

పండులో కనిపించేవన్నీ ఈ కందిరీగలే అనుకోకూడదు. దొంగలూ ఉన్నారు. కొన్ని వేరే జాతుల కందిరీగలు కాయలోకి రాకుండానే, బయట నిలబడి వెంట్రుక కంటే సన్నని గొట్టంతో కాయ గోడను తొలిచి గుడ్లు పెడతాయి. అవి పుప్పొడి మోయవు. కొన్నిటి పిల్లలు పూలను తింటే, కొన్నిటి పిల్లలు తోటి కందిరీగల పిల్లలనే తింటాయి. ఇలాంటి ఒక కందిరీగ గొట్టం కొనలో జింకు లోహం ఉందని, అందుకే అది గట్టి కాయను తొలవగలుగుతోందని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు 2014లో ప్రకటించారు. వాళ్లు పరిశీలించినది మన మేడికాయ మీది కందిరీగనే. ఇక బాగా మగ్గి నేలరాలిన పండులో ఈగల పిల్ల పురుగులు, చిన్న పెంకు పురుగులు చేరడం మామూలే.

ఒక్క చెట్టు చాలదు

పై వరుసలో ఒక ముఖ్య విషయం దాగి ఉంది. సాధారణంగా ఒక మేడి చెట్టు మీద కాయలన్నీ దాదాపు ఒకే దశలో ఉంటాయి. కాబట్టి ఒక చెట్టు నుంచి బయలుదేరిన కందిరీగకు అదే చెట్టు మీద లేత కాయ దొరకడం అరుదు. అదే సమయంలో వేరే చెట్టు లేత కాయలతో సిద్ధంగా ఉండాలి. ప్రాంతంలో తగినన్ని మేడి చెట్లు, వేర్వేరు దశల్లో, ఏడాది పొడవునా ఉంటేనే ఈ గొలుసు తెగకుండా సాగుతుంది.

కందిరీగ చిన్నదే అయినా గాలి సాయంతో చాలా దూరం పోగలదు. ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో మేడికి దగ్గరి బంధువైన చెట్టు మీద చేసిన పరిశోధనలో, ఈ ప్రజాతి కందిరీగలు 160 కిలోమీటర్ల దూరం దాకా పుప్పొడి మోసుకెళ్లినట్టు 2009లో తేలింది. అయితే దూరం పెరిగే కొద్దీ చేరేవి తగ్గుతాయి. కాలువ గట్టు మీద నాలుగు చెట్లు కొట్టేస్తే పోయేది ఆ నాలుగు చెట్ల నీడ ఒక్కటే కాదు, మిగిలిన చెట్ల కందిరీగలకు మజిలీలు కూడా.

మేడి ఏడాదిలో ఒకటి కంటే ఎక్కువసార్లు కాస్తుంది. వేరే పండ్లు దొరకని రోజుల్లో కూడా ఎక్కడో ఒక మేడి పండి ఉంటుంది. కంసాలి పిట్ట, గోరింక, కోకిల, పిగిలిపిట్ట, పచ్చ పావురం, ఉడుత, గబ్బిలం దీని మీద ఆధారపడతాయి. కాలువలో రాలిన పండ్లు చేపలకు మేత. అందుకే పర్యావరణ శాస్త్రంలో మేడి, మర్రి, రావి వంటి వాటిని కీలక జాతులు అంటారు. అంటే, వాటి సంఖ్య తక్కువైనా వాటి మీద బతికే జీవులు ఎక్కువ.

గబ్బిలం గురించి ఒక మాట. ఇంట్లోకి వస్తే అపశకునం అని దాన్ని తరుముతారు. 1941లో జాషువా గారు అదే గబ్బిలాన్ని ఒక దళితుడి గోడు శివుడికి విన్నవించే దూతగా చేసి కావ్యం రాశారు. వృక్షశాస్త్రం వైపు నుంచి చూసినా గబ్బిలానిది గొప్ప పనే. మేడిపండు తిని, ఎగురుతూ విత్తనాలు విడుస్తుంది. ఎవరూ నాటని మేడి మొక్కలు కాలువ గట్టు మీద మొలిచాయంటే చాలాసార్లు అది పక్షులో, గబ్బిలాలో చేసిన పనే.

కొల్లేరు చుట్టూ

గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో ఉన్నది మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటివి నీటిని తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తరువాతి గొడవలు, ఉపాధి కష్టాలు మనలో చాలామంది ఇళ్లలో జరిగినవే కాబట్టి వాటిని ఇక్కడ విస్తరించను.

కొల్లేరు అనగానే అందరూ నీటిని, ఆటపాకలో గూడు కట్టే పెలికాన్లను తలుచుకుంటారు. నీటి అంచున ఉండే చెట్ల గురించి మాట్లాడేవారు తక్కువ. చేపల చెరువు గట్టు మీద పెద్ద చెట్టు పెంచడానికి చాలామంది ఇష్టపడరు. ఆకు నీళ్లలో రాలుతుందని, చేపలు తినే పక్షులు వాలతాయని వాళ్ల భయం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడా ముందు పోయేది పాత చెట్లే. కొబ్బరి మొక్కో, నీడ కోసం తెచ్చిన విదేశీ మొక్కో మళ్లీ నాటుతారు. మేడిని నాటేవారు అరుదు. డబ్బు తెచ్చే పండు కాదు కదా అంటారు.

సామర్లకోటలో ఒక డాక్టరు

మేడి శాస్త్ర చరిత్రలో మన గోదావరి ప్రాంతానికి చోటుంది. ఫైకస్ రసిమోజా అనే పేరు 1753లో లిన్నేయస్ పెట్టినది. అయితే పాత పుస్తకాల్లో ఫైకస్ గ్లోమరేటా అనే పేరు ఎక్కువ కనిపిస్తుంది. ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో డాక్టరుగా పనిచేసిన ఈ స్కాట్లాండ్ దేశస్థుడు 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి, అక్కడ తోట వేసి, మన ప్రాంతపు మొక్కలను వర్ణించాడు. భారతీయ చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మూడు సంపుటాలు, 300 చిత్రపటాలతో లండన్‌లో అచ్చయింది. మేడి వర్ణన 1798 నాటి భాగంలో వచ్చింది. మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన ఆ గ్రంథంలో రాశాడు.

ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు? మొక్కలతో రోజూ పని ఉన్న పల్లె మనుషులే. వాళ్ల పేర్లు పుస్తకం అట్ట మీద లేవు. నేను డిగ్రీలో ఉండగా ఈ విషయం చదివి చాలాసేపు ఆలోచించాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనే మొదటివాణ్ని. మా అమ్మ నాట్లు వేస్తుంది, నాన్న చెరువుల మీద పని చేస్తాడు. ఎం.ఎస్సీ.లో మొదటిసారి ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్లినప్పుడు, ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చినవారు లాటిన్ పేర్లు గబగబా చెబుతుంటే నేను వెనుక నిలబడ్డాను. కానీ ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, ఏ పిట్ట దేన్ని తింటుంది, ఏ కర్ర దేనికి పనికొస్తుంది అన్న ప్రశ్నలు వచ్చేసరికి చెప్పగలిగింది నేను. అది మా మామ్మ నేర్పిన చదువు. లాటిన్ పేరు నెల రోజుల్లో వస్తుంది. ఆ చదువు అలా రాదు. తమ్ముళ్లూ, మీ దగ్గర కూడా అది ఉంది. తక్కువ అనుకోవద్దు.

పెద్దలు చెప్పినవి – శాస్త్రం చెప్పేది

మేడి ఉన్నచోట నీరుంటుందని అంటారు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలం జాడ చెప్పే చెట్లలో మేడిని చేర్చాడు. సహజంగా ఇది తేమ నేలల్లో, నీటి ఒడ్డున పెరిగే చెట్టు కాబట్టి ఈ మాటకు ఆధారం ఉంది. అంతమాత్రాన మేడిని చూసి బోరు వేయకూడదు, భూగర్భ జల పరీక్ష చేయించాల్సిందే.

మేడి కర్ర నీళ్లలో చెడదని మా మామ్మ చెప్పేది. ఇదీ నిజమే. గాలిలో తొందరగా పాడయ్యే ఈ కర్ర నీటి అడుగున ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే పూర్వం బావి అడుగు చట్రాలకు వాడేవారు. కంచిలోని అత్తి వరదర్ విగ్రహం అత్తి కర్రతో చేసినది. కోనేటి అడుగున ఉంచే ఆ విగ్రహాన్ని 40 ఏళ్లకు ఒకసారి బయటికి తీస్తారు. 1979 తరువాత 2019లో తీశారు.

మేడి బెరడు మందు అంటారు. ఆయుర్వేదంలో మర్రి, మేడి, రావి, జువ్వి, గంగరావి బెరడులను కలిపి పంచవల్కలాలు అంటారు. బెరడులో వగరు పదార్థాలు ఎక్కువ. పుండ్లు కడగడానికి వాడతారు. షుగరు వ్యాధిపై ప్రయోగశాలల్లో పరిశోధనలు జరిగాయి. కానీ బెరడు కషాయం తాగి డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయడం ప్రమాదం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

మన హాస్టల్ మేడి

వ్యాసం కోసం హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక విషయం తెలిసింది. వెనుక ప్రహరీ పక్కనున్న మేడి చెట్టును కొట్టించమని కొందరు తమ్ముళ్లు అర్జీ రాశారట. ఉతికిన బట్టల మీద పండ్లు రాలుతున్నాయి, పురుగులు లేస్తున్నాయి, రాత్రి గబ్బిలాలు వస్తున్నాయి అని కారణాలు. ఇవి కట్టుకథలు కావు. ఎనిమిదేళ్లు ఆ తీగ మీదే నేనూ బట్టలు ఆరేశాను. అయినా నా మనవి వినండి.

బట్టలు ఆరేసే తీగను తూర్పు గోడ వైపు మార్చితే సగం సమస్య తీరుతుంది. కప్పు మీదికి వాలిన రెండు కొమ్మలు కొట్టిస్తే మిగిలిన సగం తీరుతుంది. రాలిన పండ్లను వారానికి రెండుసార్లు ఊడ్చి గుంతలో వేస్తే ఈగలు తగ్గుతాయి, మొక్కలకు ఎరువు వస్తుంది. పండులో నుంచి లేచే చిన్న నల్ల కందిరీగలు కుట్టవు, కరవవు, అన్నం మీద వాలవు. ఒకటి రెండు రోజుల్లో వాటి పని వాటిదే. గబ్బిలాలను కదిలించకండి, అవి కొరికిన పండు మాత్రం తినకండి. చెట్టు మీద కోసిన పండు కూడా కడిగి, విప్పి, దులిపి తినండి.

ఇంకొక సంగతి. చెట్టు కొట్టడం మనం అర్జీ రాసుకుంటే అయ్యే పని కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి వచ్చినా, ఆ చెట్టు పోతే కాలువ వెంబడి దాని మీద ఆధారపడిన గొలుసులో ఒక కొక్కెం పోతుంది. అంత ఎత్తు చెట్టు మళ్లీ పెరిగేసరికి ఇప్పుడు అయిదో తరగతిలో ఉన్న తమ్ముడు పిల్లల తండ్రి అవుతాడు.

కొట్టడానికి బదులు ఒక పని చేయవచ్చు. పాత గోడల పగుళ్లలో, మెట్ల సందుల్లో మేడి, రావి మొక్కలు మొలిచి ఉంటాయి. అవి గోడలకు చేటు. వానాకాలంలో వాటిని వేరు తెగకుండా తీసి, భవనాలకు దూరంగా కాలువ గట్టు మీద అనుమతి తీసుకుని నాటండి. గోడా బాగుంటుంది, చెట్టూ బతుకుతుంది. ప్రతి బ్యాచ్ రెండేసి మొక్కలు నాటి వెళ్తే పదేళ్లలో గట్టు నిండుతుంది.

పరీక్షకు గుర్తుంచుకోండి

1. మేడి పుష్పవిన్యాసం: హైపన్‌థోడియం. ఫలం: సైకోనస్, సంయుక్త ఫలం.
2. ఆడ పూలు ముందు, మగ పూలు తరువాత పక్వమవుతాయి. దీన్ని ప్రోటోగైనీ అంటారు.
3. పరాగ సంపర్కం చేసేది: సెరటోసోలెన్ కందిరీగ. అంజీరులో బ్లాస్టోఫాగా.
4. గాల్ పుష్పం: గుడ్డు పడి, విత్తనం బదులు కీటకం పెరిగే ఆడ పువ్వు.
5. కాండం మీద కాయలు కాయడం: కాలిఫ్లోరీ. ఉదాహరణలు మేడి, పనస.
6. మేడికీ కందిరీగకూ ఉన్నది సహజీవనం. ఇద్దరికీ లాభం, ఒకరు లేక ఒకరు లేరు.

ముగించే ముందు ఒక్క మాట. వేమన పద్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన మనుషుల కపటం గురించి చెప్పాడు, అది నేటికీ నిజం. మేడి మాత్రం ఎవరినీ మోసం చేయలేదు. తన పూలను లోపల దాచుకుంది, తన పని చేసిపెట్టే చిన్న జీవికి లోపలే చోటిచ్చి తిండి పెట్టింది. ఇకపై మేడిపండు విప్పినప్పుడు ఛీ అని పారేయకుండా ఒక నిమిషం భూతద్దం పెట్టి చూడండి. చూసినది మీ నోట్సులో తేదీ వేసి రాయండి. శాస్త్రం అలాగే మొదలవుతుంది.

వచ్చే వార్షికోత్సవానికి ఆ మేడి నీడలోనే కలుసుకుంటామని ఆశిస్తూ, పరీక్షలు రాయబోతున్న తమ్ముళ్లందరికీ విజయం కలగాలని కోరుకుంటూ సెలవు.